రైతునకు రైతే గురువు

వరి నిలువనీటిలో బ్రతుకును గాని, వేళ్లకు గాలి చాలక వానిలో అనేకము క్షీణించును. మడగాస్కరు ద్వీపమున ఆన్రీ ద లొలానియె అను ఫ్రెంచి జెస్యూటు గురువు అచ్చటి రైతులతో మెలగి, 1983 ప్రాంతమున నొక క్రొత్త సాగు విధానమును రూపొందించెను. దీనినే మనవారు "శ్రీ వరి" యందురు. 2003 ఖరీఫునందు ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము దీనిని మన రైతుల పొలములలో పరీక్షింపజేసెను.

8 మొదలు 12 దినముల లేతనారును మట్టితో సహా తీసి, కుదురునకొక్క మొక్క చొప్పున 25 సెంటీమీటర్ల యెడమున నాటవలెను. నీరు నిలువగట్టక, తడి యారినపుడెల్ల పలుచగా పెట్టవలెను. ఎకరమునకు 2 కిలోల విత్తనము చాలును. మామూలు నాటునకు 20 కిలోలకు పైగా పట్టును. నీరు తీయుటకు వీలులేని పల్లపు మడులకు మాత్రమిది తగదు.

మొదటి నెల మడి బోసిగా నుండును. ఏడాది గ్రాసమంతయు ఆ మడిలోనే యున్న కుటుంబమునకు భయము సహజము. అప్పుడు కరపత్రము ధైర్యము నీయజాలదు. నిరుడు తన మడియు నట్లే బోసిగా నుండి, పిదప పిలకలు తొడుగుట కన్నులార చూచిన పొరుగు రైతు మాత్రమే యీయగలడు. 1989లో ఇండోనేషియాలో మొదలై మన రాష్ట్రమునకు వచ్చిన పొలంబడియందును ఇదియే సూత్రము: రైతులు గట్టున గుమిగూడి, మొక్కలను, పురుగులను పరీక్షించి, తామే నిర్ణయించుకొందురు.

ఎలమంచిలి ప్రాంతపు విద్యార్థులారా! మీ పెద్దల ప్రక్క నిలిచి పిలకలు లెక్కించి వ్రాయుడు. ఆ లెక్కను పొరుగువారికిని చూపుడు. చదువునకు అంతకంటె మంచి వినియోగము లేదని మా నమ్మకము.