పెరటిలో వసంతము

చైత్రమాసము ప్రవేశించినది. వేపచెట్లు చిగిర్చి పూతకు వచ్చినవి. మాగాణిలో మినుము, పెసర నూర్పిళ్లు ముగిసినవి. దాళ్వా వరి వేసినవారికి దక్క తక్కిన రైతులకు ఏరువాక వరకు కొంత తీరిక దొరకును. ఈ తీరికను మన సోదరులలో పలువురు రచ్చబండమీదను, పెండ్లి పిలుపులమీదను, బాకీల లెక్కలమీదను వ్యయము చేయుదురు. ఇంటివెనుక నున్న సెంటు నేలవైపు చూచువారు తక్కువ. ఎకరముల సేద్యమును గూర్చి ప్రతి సంచికలోను చదువుచున్న సభ్యులకు ఈ నెల ఆ సెంటు నేలను గూర్చియు, దానిచుట్టు తిరుగు సంసారమును గూర్చియు కొన్ని మాటలు చెప్పదలచితిని.

పూలమొక్కలు కడుపు నింపునా యని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పండుగలకును, శుభకార్యములకును మూరల లెక్కన పూలు కొనని యిల్లు మన గ్రామములలో లేదు. ఏడాది పొడుగున ఆ ఖర్చును వ్రాసి చూచుకొన్నవారు మాత్రము అరుదు. దోస, గుమ్మడి, కాకర పాదులలో మగపువ్వు వేరు, ఆడుపువ్వు వేరు. తేనెటీగ రానిదే పిందె నిలువదు. బంతియు, తులసియు, పొద్దుతిరుగుడును ఉన్న పెరటికి ఈగలు పిలువకయే వచ్చును. అయినను లాభముకొరకే పూలు పెంచుడని నేను చెప్పజాలను. పగలెల్ల ఎండలో ఒడలు వంచినవానికి, ఇంటికి రాగానే కంటికి చల్లనైన దొకటి కనబడుట మంచిది.

ఇటీవల ఇండ్లు కట్టువారు పెరటినంతయు సిమెంటుతో కప్పుచున్నారు. బురద యుండదనుట నిజమే. కాని వేసవిలో ఆ సిమెంటు పగలంతయు కాగి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు వేడిని విడుచుచుండును. గోడవారగా రెండడుగుల వెడల్పున మన్ను విడిచినను చాలును. అందులో ఒక మల్లె వరుస పట్టును.

ఇక అసలు చిక్కు నీటిది. నీరు లేదని కాదు, మోయువా రెవరని. పూలు పెట్టుకొనువారు ఆడువారే గదా, నీళ్లును వారే పోసికొందురని మగవారు అనుట తరచుగా వినుచుందును. తెల్లవారకముందే లేచి, పాడియు వంటయు పిల్లల బడియు చూచుకొని, కలుపునకు పోయి వచ్చిన ఇల్లాలికి ఇంకొక చాకిరి తగిలించుటకై మొక్కలు నాటుట కంటె నాటకుండుటయే మేలు. స్నానము చేయుచోటినుండి చిన్న కాలువ త్రవ్వి, ఆ నీరు పాదులకు పారునట్లు చేసిన సగము పని తగ్గును. బట్టలు ఉదికిన చిక్కని సబ్బునీటిని మాత్రము వేరు వైపునకు మరలింపవలెను. మిగిలిన నీటిని మగవారును పిల్లలును వంతులు వేసికొని పోయవలెను.

గోదావరి డెల్టాలో నే నెరిగిన యొక యింటి పెద్ద సేద్యమును కుమారునికి అప్పగించి, అరుగుమీద ఊరక కూర్చుండలేక, యూరియా ఎంత వేసితివి, నీరెప్పుడు తీసితివి అని ప్రతిదినము వాదమునకు దిగుచుండెడివాడు. తండ్రీకొడుకులు ఒక పంక్తిని భుజించుట కూడ మానిరి. కోడలు తెలివిగలది. "మామయ్యగారూ, నా కీ మల్లెల సంగతి తెలియదు, మీరే చూడవలె" నని పెరడు ఆయనకు ఒప్పగించెను. ఆయన ఆరు పాదులు చేసెను. ఇప్పుడు ప్రొద్దు వాలగానే "అమ్మాయీ, గిన్నె తెమ్మమ్మా" యని కేకవేసి తానే మొగ్గలు కోయును. యూరియా వాదము పూర్తిగా పోయినదని చెప్పను. కాని వారిప్పుడు కలిసి భుజించుచున్నారు.

మల్లెను గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. మన పెరళ్లకు గుండుమల్లె తగినది. పుష్యమాసమునకు ముందు కొన్నాళ్లు నీరు ఆపి, నేలకు అడుగున్నర ఎత్తున కొమ్మలు కత్తిరించి, పొదకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి నీరు కట్టినవారికి ఈపాటికి మొగ్గ కనబడుచుండును. కత్తిరింపనివారు ఇప్పుడు తొందరపడి కత్తెర పట్టవలదు; ఈ ఏటి పూత పోవును. మల్లెకు ఎండ కావలెను. మామిడి నీడను పెట్టి పూయుటలేదని మొక్కను నిందించుట తగదు. నీరు నిలిచినచో వేరు కుళ్లును గనుక వేసవిలో వారమునకు రెండు తడులు చాలును.

క్రొత్తగా నాటువారు ఇప్పుడే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు నాలుగైదు అడుగుల ఎడముగా త్రవ్వి ఎండకు విడిచి, తొలకరికి అంటులు నాటుట ఉత్తమము. నీటివసతి కలవారు కడియము, కడియపులంక ప్రాంతముల నర్సరీలనుండి సంచులలో పెరిగిన మొక్కలు తెచ్చి ఇప్పుడే నాటవచ్చును. అట్టివానికి తాటాకు నీడ కట్టవలెను. మొదటి ఏడు పూత స్వల్పము. మూడవ యేటినుండి బాగుగా నుండి, పది పండ్రెండేండ్లు సాగును. ఆడపిల్ల బడిలో చేరిన యేడు నాటిన పొద ఆమె పదవ తరగతి దాటువరకు పూయుచునే యుండును.

మొగ్గ ఊదారంగునకు తిరిగి రంధ్రము కనబడిన లోపల పురుగున్నదని తెలిసికొనుడు. అట్టి మొగ్గలను ఏరి కాల్చివేసి, 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని 1 లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడకట్టి చల్లవలెను. ప్రత్తిచేనికి తెచ్చిన మందు మిగిలినదని పెరటి మల్లెలకు కొట్టువారు కలరు. ఆ పూలనే పసిపిల్లల తలలో తురుముదు రని వారికి తోచకపోవుట నాకు వింతగా నుండును.

చేమంతి రాత్రి నిడివిని కనిపెట్టు మొక్క. రాత్రులు పెరిగినగాని మొగ్గ తొడగదు. వాకిట విద్యుద్దీపము రాత్రియంతయు వెలుగుచోట దానిని పెట్టిన ఆకు దట్టముగా వచ్చును గాని సకాలమున పూయదు. దిష్టి తగిలినదని కొందరు, నేల మంచిది కాదని కొందరు ఎరువుమీద ఎరువు వేయుదురు. ఆ కుండీని నాలుగడుగులు చీకటివైపు జరుపుటయే మందు. పాత మొక్కల మొదట వచ్చిన పిలకలను ఇప్పుడు విడదీసి, వేసవియంతయు పలుచని నీడను కాపాడి, ఆషాఢమున నాటవలెను.

బంతి విత్తనము ఇప్పుడు నారు పోసిన వారములోపల మొలకెత్తి, జ్యేష్ఠమునకు పూతకు వచ్చును. దసరాకు కావలసినచో ఆషాఢమున మరల చల్లవలెను. దాని వేళ్లలోని గుణముచే నులిపురుగులు తగ్గును గనుక, ఆ పురుగులవలన నశించు కనకాంబరపు మళ్లలో బంతిని మార్చి వేయుట తెలివి. టమాట రైతులు 16 వరుసలకు ఒక వరుస బంతి నాటి, కాయ తొలుచు పురుగును దానిమీదికి మరల్చుట మీలో కొందరికి తెలిసియే యుండును. ఆ వరుస పూలు ఆలయమునకు పోయినను, ఆదివారమున చర్చి బల్లమీదికి పోయినను పైరునకు లోటు లేదు. కోసినకొద్ది పురుగు గ్రుడ్లును పోవును.

గన్నేరు విషయమున జాగ్రత్త. నీరు లేకున్నను పూయునని దానిని కొట్టము ప్రక్కన పెట్టుదురు. ఆకు, కొమ్మ, పువ్వు అన్నియు విషమే. ఎండినను విషము పోదు. కత్తిరించిన కొమ్మలను పశువుల కందనిచోట పూడ్చవలెను. పచ్చగన్నేరు కాయ పిల్లల చేతి కందరాదు. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలిచిన డెంగీ దోమ పెరుగును. వారమున కొకసారి తప్పక ఒలికించి తుడువవలెను.

సాయంకాలము ఒక్క కప్పు క్రింద కూర్చుండియు ఎవరి ఫోను వారు చూచుకొను కాలమిది. అరటినార తడిపి, మొగ్గలు పళ్లెములో పోసి నడుమ పెట్టిన, చేతులు దానంతట అవియే వచ్చును. ముసలమ్మ కట్టిన దండ బిగువు, మనుమరాలు కట్టినది వదులు. మగపిల్లలకు నేర్పరాదని శాస్త్రమేమియు లేదు; అంగళ్లలో పూలు కట్టువారిలో మగవారెందరో కలరు.

మిక్కిలి చిన్నపిల్లలకు కనకాంబరపు కంకి ఇయ్యుడు. పూలు రాలి, కాయ ఎండి గోధుమవన్నెకు తిరిగిన కంకిని నీటి గిన్నెలో వేసిన కొంతసేపటికి కాయలు టపటప పగిలి గింజలు నలువైపుల చిమ్మును. వసారా నాలుగు మూలలు వెదకి ఏరుట వారి పని. ఢిల్లీ కనకాంబరము గింజ కట్టదు గనుక దానిని కొమ్మతోనే పెంచవలెను. ఈ వేడుకకు నాటురకమే కావలెను. ఏరిన గింజలను కాగితపు పొట్లములో కట్టి, పిల్లవాని పేరు వ్రాసి, తొలకరివరకు పొడిచోట దాచుడు.