ఒక్క గుణకారం తగ్గితే

పెద్ద పనిని ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ అదే తీరులో చేసుకుపోయే అల్గారిథానికి ఎంత సమయం పడుతుందో నేరుగా లెక్కపెట్టడం కష్టం. పెద్ద పనికి పట్టే సమయాన్ని చిన్న పనికి పట్టే సమయంతో ముడిపెట్టి ఒక సమీకరణం రాసుకోవడం తేలిక. దాన్నే రికరెన్స్ రిలేషన్ అంటారు.

1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రూపొందించిన మెర్జ్ సార్ట్ జాబితాను రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్ని వరస పెట్టి, చివరికి రెంటినీ కలుపుతుంది. ఎన్ అంశాలుంటే కలపడానికి సుమారు ఎన్ అడుగులు. కాబట్టి మొత్తం సమయం టి(ఎన్) = 2టి(ఎన్/2) + ఎన్. దీన్ని విప్పడానికి చెట్టు గీస్తే చాలు. 1024 అంశాలుంటే పై వరసలో 1024 అడుగుల పని. కింద 512 చొప్పున రెండు, మళ్లీ 1024. ఆ కింద 256 చొప్పున నాలుగు, అదీ 1024. పదిసార్లు సగం చేస్తే ఒక్కటే మిగులుతుంది గనక మొత్తం 10,240. ప్రతి జతనూ పోల్చే పద్ధతికైతే 5,23,776 పోలికలు కావాలి. సాధారణంగా చెబితే జవాబు ఎన్ × లాగ్ ఎన్.

హనోయ్ టవర్ అనే బిళ్లల పజిల్ లాంటి చోట ఊహించడం మరో దారి. అక్కడ ఎన్ బిళ్లలకు టి(ఎన్) = 2టి(ఎన్-1) + 1. విలువలు 1, 3, 7, 15గా వస్తాయి. 2 ఘాతం ఎన్‌లోంచి 1 తీసేస్తే సరిపోతుందని ఊహించి, గణితానుగమనంతో రుజువు చేయాలి.

రికరెన్స్‌లో ఒక్క అంకె ఎంత మార్పు తెస్తుందో గుణకారంలో కనిపిస్తుంది. ఎన్ అంకెలున్న రెండు పెద్ద సంఖ్యలను సగాలుగా విడదీస్తే నాలుగు చిన్న గుణకారాలు చేయాలి: టి(ఎన్) = 4టి(ఎన్/2) + ఎన్. తేలేది ఎన్ వర్గమే. విడదీసిన శ్రమకు ఫలం లేదు. అంతకన్నా వేగంగా గుణించలేమని గొప్ప గణితవేత్త కొల్మొగొరొవ్ భావించారు. 1960లో మాస్కోలో ఆయన సెమినార్‌లో ఆ మాట విన్న 23 ఏళ్ల అనతొలీ కరట్సుబ, వారంలోపే అది తప్పని చూపాడు.

అతని పద్ధతిలో 47ను 62తో గుణించాలనుకుందాం. పదుల స్థానాల లబ్ధం 4×6 = 24. ఒకట్ల స్థానాలది 7×2 = 14. ఇక (4+7)×(6+2) = 88. అందులోంచి 24, 14 తీసేస్తే 50, అదే మధ్య పదం. 2400 + 500 + 14 = 2914. మూడే గుణకారాలు! కూడికలు కొన్ని పెరిగినా అవి చౌక. రికరెన్స్‌లో 4 పోయి 3 వచ్చింది. 1024 అంకెల సంఖ్యలకు నాలుగును పదిసార్లు హెచ్చవేస్తే 10,48,576, మూడునైతే 59,049.

ఇక్కడ చెట్టులో కిందికి పోయేకొద్దీ వరస బరువు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, అందుకే ఆఖరి వరసే జవాబు తేలుస్తుంది: ఎన్ ఘాతం సుమారు 1.585. వరసలు సమానమైతే లాగ్ వచ్చి చేరుతుంది, తగ్గుతూ పోతే పై వరసదే పెత్తనం. 1980లో బెంట్లీ, హాకెన్, సాక్స్ ఇచ్చిన పద్ధతి ఇదే. నేటి పాఠ్యపుస్తకాల్లో దాని పేరు మాస్టర్ థీరమ్. సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా ఒకసారి చెట్టు గీసుకోవడమే మేలు.

పైథాన్ భాష నేటికీ బాగా పెద్ద పూర్ణాంకాలను కరట్సుబ పద్ధతిలోనే గుణిస్తుంది.