4.3 స్వచ్ఛంద సేవ – ఉపాధికి దారి

ఉద్యోగ దరఖాస్తులో 'అనుభవం' అనే గడి దగ్గరికి రాగానే చాలామంది కలం ఆగిపోతుంది. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు; ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడిని విప్పుకోవడానికి స్వచ్ఛంద సేవ ఒక మార్గం. అయితే అది దానంతటదే ఉద్యోగం తెచ్చిపెట్టదు. సేవను అనుభవంగా ఎలా మలచుకోవాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

4.3.1 అవకాశాలు

జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు కళాశాలకు వెళ్లని గ్రామీణ యువతకూ అవకాశం కల్పించాయి. 2023 అక్టోబరు 31న ప్రారంభమైన 'మై భారత్' వేదికలో 15 నుంచి 29 ఏళ్లవారు పేరు నమోదు చేసుకోవచ్చు. పగలు పని, రాత్రి చదువుగా గడిపే దూరవిద్య అభ్యాసకులు తమ ఊరి గ్రంథాలయంలో ఆదివారం రెండు గంటలు పనిచేసినా అది సేవే.

4.3.2 సేవ నైపుణ్యంగా మారడం

మీరు ఒక రక్తదాన శిబిరంలో నమోదు బల్ల దగ్గర కూర్చున్నారనుకుందాం. దాతకు 18 ఏళ్లు నిండాయా, బరువు 45 కిలోలకు తగ్గకుండా ఉందా అని అడుగుతారు. వివరాలు తప్పులేకుండా రాస్తారు. భయపడేవారికి ధైర్యం చెబుతారు. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగికి కావలసినవీ ఇవే.

ఇక దీనిని బయోడేటాలో ఎలా రాయాలి? 'సమాజ సేవలో ఆసక్తి ఉంది' అంటే చదివేవారికి ఏమీ తెలియదు. 'మూడు రక్తదాన శిబిరాలలో దాతల నమోదు బాధ్యత నిర్వహించాను' అంటే మీరు చేసిన పని కనిపిస్తుంది. అందుకే తేదీ, గంటలు, మీ బాధ్యత, ఫలితం – ఈ నాలుగూ ఏ రోజుకారోజు ఒక నోటుబుక్కులో రాసుకోండి. పని పూర్తికాగానే ధ్రువపత్రం అడగండి. ఏడాది తర్వాత అడిగితే మిమ్మల్ని ఎరిగిన అధికారి అక్కడ ఉండకపోవచ్చు.

4.3.3 గౌరవ వేతనం జీతం కాదు

2019లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 50 కుటుంబాలకు ఒకరు చొప్పున నియమితులైన గ్రామ వలంటీర్లకు నెలకు రూ. 5,000 గౌరవ వేతనంగా నిర్ణయించారు. అటువంటి మొత్తం సేవకు ఇచ్చే గుర్తింపు మాత్రమే. దానివల్ల ఉద్యోగ భద్రత రాదు. కాబట్టి చేరేముందే ఈ ప్రశ్నలు అడగండి:

• ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు?
• ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారు?
• ఏ పని నేర్పుతారు? ధ్రువపత్రం ఇస్తారా?

జీతగాడు చేయవలసిన పనిని నెలల తరబడి ఉచితంగా చేయిస్తూ 'తర్వాత చూద్దాం' అంటుంటే అది సేవ కాదు, వెట్టి. 'ముందు డబ్బు కట్టండి, సేవ చేశాక ఉద్యోగం ఇస్తాం' అనేవారిని అసలు నమ్మకండి. ఇంటి ఖర్చులు మీ మీదే ఆధారపడి ఉంటే, సంపాదించే పనిని వదలకుండా వారానికి కొన్ని గంటలే సేవకు కేటాయించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గౌరవ వేతనానికి, జీతానికి తేడా ఏమిటి?
2. గత ఏడాది మీరు జీతం తీసుకోకుండా ఇతరులకోసం చేసిన ఒక పనిని, బయోడేటాలో చేర్చడానికి వీలుగా రెండు వాక్యాలలో రాయండి.