నాలుగు ఒకలా... రెండు ఇంకోలా!

కోడింగ్‌లో ఒక రూల్‌కి మినహాయింపులు ఎక్కువైతే, అసలు రూలే మనకి అర్థం కాలేదని అనుమానించాలి. ఫ్రెంచ్ క్రియలతో నాకు అదే జరిగింది.

కెనడా పీఆర్ కోసం ఫ్రెంచ్ మొదలుపెట్టా. క్రియల పట్టికలన్నీ బట్టీ కొట్టేశా. రాత పరీక్ష గట్టెక్కింది గానీ, మాట్లాడే పరీక్షలో బోల్తా పడ్డా. తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం కదా, అక్కడా అదే చేశాను. ‘వాళ్లు మాట్లాడతారు’ని ‘ఈల్ పార్లెంట్’ అన్నాను. అనాల్సింది ‘ఈల్ పార్ల్’. చివరి మూడు లెటర్లూ కాగితం మీదే ఉంటాయి, నోట్లోకి రావు.

రెండోసారి పట్టికని చూడకుండా, వింటూ నేర్చుకున్నాను. ‘రావడం’ తీసుకోండి. నేను, నువ్వు, అతను... ముగ్గురికీ ‘వ్యాఁ’. వాళ్లకి ‘వ్యెన్’. మేము అంటే మాత్రం ‘వనోఁ’, మీరు అంటే ‘వనే’. నాలుగు ఒకలా, రెండు ఇంకోలా. ఎందుకిలా?

జవాబు ఫ్రెంచ్‌కి తల్లి అయిన లాటిన్‌లో దొరికింది. అక్కడ ‘అతను వస్తాడు’ అంటే ‘వెనిత్’, ఊనిక ‘వె’ మీద. ‘మేము వస్తాం’ అంటే ‘వెనీముస్’, ఊనిక ‘నీ’ మీద. ఊనిక పడిన ‘వె’ కాలక్రమంలో సాగి ‘వ్యె’ అయింది. పడనిది అరిగిపోయి ‘వ’గా మిగిలింది. ‘పట్టుకోవడం’లో త్యాఁ-తనోఁ, ‘చెయ్యాలి’ అనే అర్థంలో ద్వా-దవోఁ... అన్నిటిదీ ఇదే కథ. అంటే ఇవి మినహాయింపులు కావు, పాత ఊనిక వదిలిన గుర్తులు!

ఇప్పటి ఫ్రెంచ్‌లో ఊనిక ఎప్పుడూ మాటల గుంపులో పలికే చివరి సిలబుల్ మీదే. ‘అతను కొంటాడు’ని ఈ-లా-షెత్ అని విడగొడతారు. ‘ఈల్’లోని ‘ల్’ పక్క మాటలోని అచ్చుతో కలిసిపోయింది. మన ‘వాడు ఎక్కడ’ కలిసి ‘వాడెక్కడ’ అయినట్టే! చివర ‘షెత్’ మీద బరువు పడుతుంది కాబట్టి అక్కడ ‘ఎ’ స్పష్టంగా వినిపిస్తుంది, రాతలో దాని మీద యాక్సెంట్ గుర్తు కూడా పెడతారు. అదే ‘మేము కొంటాం’లో బరువు చివరి ‘తోఁ’ మీదకి పోతుంది. మధ్యలోని ‘షె’ నీరసించి, మామూలు మాటల్లో ‘నూ-జాష్-తోఁ’ అయిపోతుంది.

మీరూ ఫ్రెంచ్ నేర్చుకుంటుంటే ఒక పని చేయండి. ఏ క్రియనైనా ముందు ‘అతను’తో, తర్వాత ‘మేము’తో బయటికే అనండి. చివరగా పలికే సిలబుల్ దగ్గర బల్ల మీద వేలితో తట్టండి. ఆ దెబ్బ ఎక్కడ పడిందో తెలిస్తే, ముందున్న అచ్చు ఎందుకు మారిందో సగం అర్థమైనట్టే. రెండోసారి పరీక్ష గదిలో బల్ల కింద నేను చేసిన పని అదే. ఈసారి మార్కులు చాలాయి.