తాకనిస్తారు, ఆ తర్వాతే రారు

రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఆడవాళ్లు ఎందుకు రారంటే, సిగ్గు అనో తెలియనితనం అనో ఠక్కున జవాబొస్తుంది. రానివాళ్లు ఎక్కువన్నది నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. కానీ సిగ్గే అడ్డమైతే ఆడమనిషి చేత పరీక్ష చేయిస్తే సరిపోవాలి. సికింద్రాబాద్ కిమ్స్ వైద్యుడు డాక్టర్ రఘురామ్ నెలకొల్పిన ఉషాలక్ష్మి ఫౌండేషన్ 2012–16 మధ్య ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తెలుగు పల్లెల్లో పరీక్షలు చేయించింది. ఈ చేతి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో చిన్న సున్నాలు చుడుతూ, మెడ కింది ఎముక నుంచి చంక దాకా తడిమి చూస్తారు. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ మంగళవారపు క్లినిక్‌లదీ అదే దారి.

సిగ్గు దాటాక ఏమవుతుందో 1990ల్లో మనీలాలో జరిగిన అధ్యయనంలో తేలింది. అక్కడ పిలిచినవారిలో నూటికి 92 మంది చేతి పరీక్షకు ఒప్పుకున్నారు. గడ్డ తగిలిన 3,479 మందిలో తర్వాతి పరీక్షలు పూర్తి చేయించుకున్నది మాత్రం 1,220 మందే. నూటికి 42 మంది, ఇంటికెళ్లి అడిగినా రామన్నారు. అంటే వాళ్లు తప్పించుకున్నది పరీక్ష నుంచి కాదు, దాని జవాబు నుంచి. మన ఇళ్లలోనూ ఆ జవాబు వెనక బయాప్సీ, ఆపరేషన్, మూడు వారాలకోసారి కీమో, ఊడే జుట్టు ఉంటాయి. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లు కట్టినా, పోయే కూలీ గురించి, ఆటో ఛార్జీల గురించి దిగులు పోదు. అన్నిటికన్నా మించి, కూతురికి సంబంధాలు రావన్న బెంగ. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది కేసులేనని ఆ ఇంట్లో ఎవరు చెప్పారు?

బాగున్న ఒంట్లో జబ్బు వెతకడమెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. అది మొండితనమేమీ కాదు. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి లక్షన్నర మందితో చేసిన అధ్యయనంలో, చేతి పరీక్షల వల్ల యాభై దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. ఈ సంగతి దాచి అందరినీ ఒకే తీరుగా బెదిరిస్తే నమ్మకం పోతుంది. అవగాహన శిబిరాలు వద్దనడం లేదు. అయితే ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు, గడ్డ ఉందన్నవారిలో ఎంతమంది బయాప్సీ దాకా వెళ్లారో కూడా చెప్పాలి. క్లినిక్‌లో ఇచ్చే చీటీ మీద పెద్దాసుపత్రి పేరొక్కటే చాలదు. ఏ రోజు వెళ్లాలో, అక్కడ ఎవరిని కలవాలో, తోడు ఎవరొస్తారో కూడా రాసి ఇవ్వాలి.