బెల్టు కీచుమంటే...

మన హాస్టల్ నుంచి మెకానిక్ పనిలోకి వెళ్లే తమ్ముళ్లకు ఒక మాట. కారు స్టార్ట్ చేయగానే ఫ్యాన్ బెల్టు కీచుమంటే చాలామంది సబ్బో, గ్రీజో రాస్తారు. చప్పుడు కాసేపు ఆగుతుంది, జబ్బు తగ్గదు.

ఇంజన్ నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు గాడులున్న వైపు కొంచెం నీళ్లు కొట్టండి. చప్పుడు పెరిగితే బెల్టు వదులైనట్టు. ఆగి మళ్లీ వస్తే పుల్లీలు వరుస తప్పినట్టు. పగుళ్లున్నా, ఆయిల్ పీల్చినా బెల్టు మార్చాల్సిందే.

చెయ్యి పెట్టేముందు ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. తిరిగే బెల్టు వేళ్లను వదలదు.

బెల్టు తెగితే బ్యాటరీ ఛార్జింగ్ ఆగుతుంది. చాలా బండ్లలో వాటర్ పంపూ ఆగి ఇంజన్ వేడెక్కుతుంది. కీచుమన్నప్పుడే చూస్తే బెల్టు ఖర్చుతో పోతుంది.