చెన్నపురి పాతపట్టణములో ఒక ఉదయము

వైద్యమునకో, వస్త్రములు కొనుటకో, బంధువుల యింట శుభకార్యమునకో చెన్నపట్టణమునకు పోయివచ్చు తెలుగువారు నేటికిని వేలకొలది కలరు. సముద్రమును చూతురు, మైలాపూరు గుడిని చూతురు; కాని ప్యారీసు మూలనుండి ఉత్తరముగా నాలుగు వీధులు కాలినడకను తిరిగి చూచినవారు అరుదు. ఆ నాలుగు వీధులే ఆ మహానగరమునకు పుట్టినిల్లు. ఆ పుట్టింటి పేరు పిలుపులలో మన మాటయు గట్టిగా వినిపించుచుండెడిది.

చరిత్రాభిమానులు కొందరు ఆదివారములందు చిన్న బృందములను వెంటబెట్టుకొని ఈ వీధులు చూపుచుందురు. అట్టి యొక బృందముతో మేమును నడచితిమి. ఆదివారమే ఏల యందురా? తక్కిన ఆరు దినములు ఇచ్చట తలయెత్తి చూచుటకు వీలుండదు. మూటలు, చేతిబండ్లు, మోటారు సైకిళ్లు మనుష్యుని ఒకచోట నిలువనీయవు. ఆదివారము ఉదయము ఆరున్నరకు అంగళ్లు మూసియుండును, ఎండ తీక్ష్ణము కాదు. పాతయిండ్ల అందము ఏ కొంచెము మిగిలినను అది మేడమీదనే. క్రింది భాగమును దుకాణపు బల్లలును, పేరు పలకలును ఎన్నడో మ్రింగివేసినవి. "నడచునప్పుడు నేల చూడుడు, నిలిచినప్పుడు పైకి చూడుడు" అని మా మార్గదర్శి మొదటనే హెచ్చరించెను. ఆ వీధులలోని గుంటలను తలచినచో ఆ మాటలోని మొదటి సగమే ముఖ్యమని మాకు తోచినది.

నడక ప్యారీసు మూలలో ఆరంభమగును. 1788లో ఓడదిగిన తామసు ప్యారీ యను వర్తకుని పేరు ఆ కూడలికి నిలిచిపోయినది. ఇప్పుడచ్చటనున్న డేర్ హౌసు 1940 నాటి కట్టడము. దాని చెంత మొనదేలిన రాతి స్తంభ మొకటి కలదు. ఇది ఏమియై యుండునని మార్గదర్శి యడుగగా మాలో సగముమంది సమాధి యనిరి. అది సమాధి కాదు, సరిహద్దురాయి. అయినను సమాధి యన్నవారు బొత్తిగా తప్పిరని చెప్పజాలము.

1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్ల కంపెనీవారికి ఈ తీరమున స్థలమిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణమను పేరు వచ్చినది. కంపెనీవారు కోట కట్టుకొనిరి. కోటకు ఉత్తరమున నేతగాండ్రు, అద్దకపువారు, దుబాసీలు, వర్తకులు ఇండ్లు కట్టుకొనిరి. దానిని తెల్లవారు నల్లవారి పట్టణమనిరి. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని 1749లో తిరిగి యిచ్చిరి. 1758లో లాలీ మరల వచ్చి ముట్టడించెను. ఇండ్లు కోటగోడ నానుకొని యున్నచో శత్రువునకు చాటు దొరకును, కోటలోని ఫిరంగులకు అడ్డుపడును. ఈ కారణమున ఆ పాత ఊరు ఊరంతయు కొంచెము కొంచెముగా నేలమట్టము చేయబడినది. 1773లో పదుమూడు రాతిస్తంభములు నాటి, వీనికి ఇవతల ఎవ్వరును ఇల్లు కట్టరాదని శాసించిరి. ఆ పదుమూడింటిలో మిగిలినది ఈ యొక్కటే. దాని కెదుట 1892లో తెరువబడిన హైకోర్టు భవనమున్న నేలయే ఆ పోయిన ఊరు.

హైకోర్టు గోపురము మీద 1894 మొదలు 1977 వరకు దీపస్తంభ ముండెడిది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనుల ఎండెన్ నౌక పేల్చిన గుండ్ల జ్ఞాపకముగ ప్రాకారపు గోడలో ఒక శిలాఫలకము కలదు. ఈ రెండును చూపుటకు మార్గదర్శికి రెండు నిమిషములు చాలినవి. అటుపిమ్మట ఆయన చాలసేపు ఒక ఖాళీ మూలలో నిలిచి, 1928 ఫిబ్రవరిలో సైమను కమీషను బహిష్కారమునాడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఈ చుట్టుప్రక్కలనే పోలీసు తుపాకులకు ఎదురుగా గుండె చూపిన సంగతి చెప్పెను. అచ్చట చూచుటకు ఏమియు లేదు. అయినను మాలో ఎవ్వరును కదలలేదు.

అక్కడనుండి తంబుచెట్టి వీధిలో ప్రవేశించితిమి. ఇచ్చటి కాళికాంబ గుడిని శివాజీ 1677లో దర్శించెనని ప్రతీతి. తెలుగువారికి ఈ వీధి వేరొక కారణమున ఆప్తము. 1914లో దినపత్రికయైన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఈ వీధినుండియే నడిపిరి. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిరి. అంతకు చాల ముందు, 1854లోనే, వావిళ్ల రామస్వామి శాస్త్రులవారు చెన్నపురిలో ముద్రణాలయము నెలకొల్పిరి. ఆ సంస్థ చిరునామా తరువాతి కాలపు పుస్తకములమీద 292, ఎస్ప్లనేడు అని అచ్చయి యుండును. మాతో నడచినవారిలో నెల్లూరినుండి వచ్చిన వృద్ధు లొకరు ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొని వచ్చిరి. వారి తండ్రిగారు చదివిన భారతము ఆ అచ్చుదట. టీ అంగడి కుర్రవానిని అడిగిరి, కావలివానిని అడిగిరి, ఎవ్వరికిని తెలియలేదు. సంఖ్యలు ఎన్నిమారులో మారినవి.

ప్రక్కవీధి ఆర్మీనియనులది. 1772 నాటి వారి దేవాలయములో అడుగుపెట్టగనే బజారు చప్పుడు అణగిపోవును. ప్రాంగణమున నేలయంతయు సమాధి ఫలకములే. ఆర్మీనియను భాషలో ప్రపంచమున మొట్టమొదటి పత్రిక వెలువడినది ఆ దేశమున కాదు, 1794లో ఈ చెన్నపట్టణమున. దాని పేరు అజ్దరార్. దానిని నడపిన మతగురువు ఈ ప్రాంగణముననే నిద్రించుచున్నాడు. ఇప్పుడు ఊరిలో ఆర్మీనియనులు ఇంచుమించు లేరు. అయినను దేవాలయము తుడిచి, సున్నము కొట్టి, చక్కగా నున్నది. వేల మైళ్ల దూరమున నున్నవారు తమ ఒక్క పత్రికకు ఇంత గుర్తు నిలుపుకొనగా, నగరమున ఇప్పటికిని లక్షలుగా నున్న మనవారు ప్రక్కవీధిలో ఒక పలకయైనను పెట్టుకొనలేదే యని వృద్ధులు నొచ్చుకొనిరి. మాకు ఉత్తరము తోచలేదు.

తరువాతిది బ్రాడ్వే. ఇది ఒకప్పుడు మురుగు ప్రవహించు పల్లపు కాలువ. తూర్పున ముత్యాలుపేట, పడమట పెద్దనాయకునిపేట. కుడిచేతి కులములు, ఎడమచేతి కులములు అను రెండు కక్షలు ఈ పేటలను పంచుకొని, ఏ వీధిలో ఎవరి పెండ్లి ఊరేగింపు పోవలెనను వివాదముతో కంపెనీవారికి నిద్రలేకుండ చేసెడివి. పోఫాము అను న్యాయవాది ఆ పల్లమును పూడ్చి బాట వేయించెను. కక్షల నడిమి కాలువ బాటయైనది, ఆ బాటకు నేడు ప్రకాశం పంతులుగారి పేరున్నది.

బ్రాడ్వే దాటి పూలబజారు ప్రక్కన దేవరాజ మొదలి వీధిలో జంట గుడులు కలవు: చెన్నకేశవస్వామి, చెన్నమల్లీశ్వరస్వామి. కోటప్రక్క పాత ఊరితోపాటు కూలిన చెన్నకేశవుని గుడికి ప్రతిగా 1760ల దశకమున కంపెనీ ఇచ్చిన స్థలములో ఇవి లేచినవి. ఊరు పోయినను దేవుడు నడచివచ్చి క్రొత్త ఊరిలో కాపురముండె నన్నమాట. ఆ ప్రాంతముననే బందరువీధిలో త్యాగరాజస్వామి కోవూరు సుందరేశ మొదలియారు ఇంట అతిథిగా నుండిరి. కొత్వాల్ చావడి కన్యకాపరమేశ్వరీ దేవస్థానపు సంత. టోకు కూరగాయల వ్యాపారము 1996లో కోయంబేడుకు తరలిపోయినది. అణ్ణాపిళ్లై వీధిలో 1901లో పొట్టి శ్రీరాములుగారు జన్మించిరి.

మా నడకలో చూడవలసిన ఇల్లు మరియొకటి యుండెను. రెండేండ్ల క్రిందట టేకు స్తంభముల అరుగుతో, నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలితో ఉన్నదని మార్గదర్శి దారిపొడుగున ఊరించెను. చేరి చూడగా రేకుల దడి, లోపల ఇటుకల గుట్ట. ఇంటివారిని నిందించుట సులభము. కాని తొమ్మిదిమంది వారసులు, కారుచున్న పైకప్పు, బంగారము వంటి నేల ధర, మరమ్మతునకు చేయూత నిచ్చువారు లేకుండుట, ఇవన్నియు కలిసినచోట ఒక అరుగు ఎంతకాలము నిలువగలదు? మార్గదర్శి దడి సందునుండి చూచి, తన చేతిపుస్తకములో ఆ ఇంటి పేరుమీద గీత గీసెను. అట్టి గీతలు ఆ పుటలో ఇంకను కలవు.

ఈ నడక పోదలచినవారు పండ్రెండుగురికి మించి పోరాదు. మించినచో వెనుకవారికి మాట వినబడదు. గట్టి చెప్పులు, నీళ్లు ఉండవలెను. ఎవరి యింటి గడపయైనను అడిగియే దాటవలెను. అడిగినచో చాలమంది రమ్మందురు. మొత్తము దూరము మూడు కిలోమీటర్లకు మించదు, అయినను మూడు గంటలు పట్టును.

తొమ్మిదిన్నరకు తంగశాలవీధి కొసను కాఫీ త్రాగి విడిపోతిమి. అంగళ్ల తలుపులు తెరచుకొనుచుండెను. నెల్లూరి పెద్దలు మాత్రము రైలునకు ఇంకను వేళయున్నదని, కాగితము జేబులో సరిచూచుకొని, ఎస్ప్లనేడు వైపునకే మరల నడచిరి.